పోయేవాడికి మొహమాటమెందుకు

శనివారం పొద్దున కాఫీ తాగుతూ లోవెల్ టాలెఫ్సన్ వేసుకున్న పథకం ఏమంత గొప్పది కాదు. ఇంటి చూరుకు పట్టిన మంచుగడ్డలు కొట్టెయ్యాలి. బజారుకు వెళ్ళి కోడి రెక్కలు తేవాలి. మర్నాడు సాయంత్రం అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ ఆట చూడటానికి ఊళ్ళోవాళ్ళు వస్తారు కాబట్టి కుర్చీలన్నీ టీవీ వైపు తిప్పాలి. కారం సాసులో పొర్లించిన రెక్కలు, కరిగించిన చీజ్, అందులో ముంచుకోవడానికి మొక్కజొన్న చిప్స్, ఊరేసిన దోసకాయని పందిమాంసపు హామ్ పొరలో చుట్టి చక్రాల్లా కోసిన ముక్కలు. ఇవి లేనిదే ఆ ఇంట్లో ఆట మొదలవదు. ఆడేది ఎక్కడెక్కడి జట్లో. మిన్నెసోటా జట్టు ఎప్పటిలాగే ముందే ఇంటిదారి పట్టింది. అయినా సొంత జట్టు ఓడిపోయినవాళ్ళకే తిండి మీద శ్రద్ధ ఎక్కువ.

చిక్కల్లా అతని భార్య మార్లిస్ గొంతుతో వచ్చింది. గురువారం మనవరాలి ఐస్ హాకీ పోటీలో ఆవిడ రిఫరీని తిట్టీ తిట్టీ గొంతు పోగొట్టుకుంది. సోమవారం దాకా నోరు మెదపవద్దని డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో తనకు దక్కిన మొదటి ప్రశాంతత ఇదేనని లోవెల్ లోలోపల సంబరపడ్డాడు. ఆ సంబరం టెలిఫోను మోగేదాకానే నిలిచింది.

సోల్‌బర్గ్ ఊళ్ళో ఒకరింటికి తిండికి వెళ్ళడమంటే మాటలు కాదు. వచ్చేవాళ్ళు ముందురోజు ఫోన్ చేసి "ఏం తెమ్మంటారు?" అని అడగాలి. "అయ్యో, ఏమీ వద్దు, మీరొస్తే అదే పదివేలు" అనాలి ఇంటివాళ్ళు. మళ్ళీ అడగాలి. మళ్ళీ వద్దనాలి. మూడోసారి అడిగినప్పుడు, ఎవరో మెడలు వంచినట్టు, "సరే, మరీ అంతగా అంటున్నారు గనుక చిప్స్ తెండి" అని ఒప్పుకోవాలి. మొదటిసారికే ఒప్పుకుంటే ఆశపోతు. మూడోసారి అడక్కుండా వదిలేస్తే పిసినారి. తెమ్మనడం సంగతే కాదు, రమ్మనడం సంగతీ ఇంతే. రెండు పిలుపులు మర్యాదకి, మూడోది మనసారా.

లోవెల్‌ని ఆ శీతాకాలమంతా తొలుస్తున్నది ఆ మూడో పిలుపే. ఎదురింట్లో ఉండే ఐనార్ మార్లిస్‌కి స్వయానా అన్న, లోవెల్‌కి బావ. మూడేళ్ళ కిందట ఇదే ఆటరోజున ఐనార్ తన చేత్తో పట్టిన చేపని తనే పొగలో మగ్గబెట్టి, మీగడ కలిపి, బిస్కట్ల మీద రాసుకునే ముద్ద చేసి తెచ్చాడు. ఆ ఊళ్ళో గిన్నెలో ఆఖరి ముద్ద ఎవరూ ముట్టరు కనుక కాస్త మిగిలింది. సాయంత్రమంతా హీటరు పక్కనే ఉండిపోయిందని లోవెల్ దాన్ని చెత్తబుట్టలో వేశాడు. చేతులు కడుక్కోవడానికి వచ్చిన ఐనార్ అది చూశాడు. "ఆట బాగుంది" అని ఒక్క మాట అని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఊళ్ళో పోట్లాట అంటే అదే.

అప్పటినుంచీ ఐనార్ ఆ గడప తొక్కలేదు. గడ్డకట్టిన చెరువు మీద రేకుల గదిలో, మంచుకి తొలిచిన కన్నం ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకోకుండా చేపలు పట్టేవాళ్ళు. ఇప్పుడు లోవెల్ ఒక్కడే మాట్లాడుకోకుండా కూర్చుంటున్నాడు. ఒక్కడే మౌనంగా ఉండటం, ఇద్దరు మౌనంగా ఉండటం ఒకటి కాదని ఈ మూడేళ్ళలో అతనికి బాగా తెలిసొచ్చింది. అతనికి బావ కావాలి. అంతకుమించి ఆ ఆదివారం మీద అతనికి వేరే ఆశ లేదు.

జనవరిలో గాలాలమ్మే కొట్లో కనబడితే "వచ్చే నెల ఫైనల్ ఆట ఉంది, తీరికైతే..." అన్నాడు. "చూద్దాం" అన్నాడు ఐనార్. పోస్టాఫీసు మెట్ల మీద మళ్ళీ అడిగాడు. మళ్ళీ "చూద్దాం" అన్నాడు. మూడోసారి అడగడానికి మాత్రం లోవెల్‌కి నోరు రాలేదు.

ఈ శనివారం పొద్దున మార్లిస్ గరిటెతో కిటికీ మీద కొట్టి ఎదురింటిని చూపించింది.

"రెండుసార్లు పిలిచానే! నేనేం తక్కువ చేశాను?" అన్నాడు లోవెల్.

మార్లిస్ మూడు వేళ్ళు చూపించింది.

"మూడోసారి కూడా చూద్దాం అంటే? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఎక్కడ పెట్టుకోవాలో మార్లిస్ గరిటెతోనే చూపించబోయింది గాని, అతను కోటు తొడుక్కుని నిచ్చెన తీసుకుని బయటపడ్డాడు.

ముక్కులో గాలి గడ్డకట్టే చలి. లోవెల్ నిచ్చెన మీద సగం దూరం ఎక్కి సుత్తితో మంచు కొడుతుండగా జేబులో ఫోన్ మోగింది. చేతి తొడుగు తీస్తేగాని అది పలకదు. తీశాడు. అవతల లవోన్. చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద. ఊళ్ళో ఎవరింట్లో పొయ్యి వెలిగిందో, ఎవరింట్లో ఆరిందో ఆవిడకి తెలియకుండా ఉండదు.

"అన్నయ్యగారూ, రేపటికి నన్నేం తెమ్మంటారు?"

వేళ్ళు అప్పటికే మొద్దుబారుతున్నాయి. మూడు విడతల మర్యాద సాగదీస్తే ఉన్న చెయ్యి ఊడి కింద పడేలా ఉంది. "ఏదో ఒకటి తెండి" అన్నాడు లోవెల్.

అవతల ఆవిడ ఇంకా రెండుసార్లు అడగడానికి సిద్ధపడి ఉంది. మెట్టు ఉందనుకుని కాలేస్తే నేల తగిలినట్టయింది ఆవిడకి.

"తె... తెమ్మంటారా?"

"తెండమ్మా. ఎంత తెస్తే అంత మంచిది."

"వదినకి ఒక్కసారి ఫోనిస్తారా?"

"తను మాట్లాడలేదు."

"అయ్యయ్యో, ఏమైంది?"

"ఏం లేదు" అన్నాడు లోవెల్, రొప్పుతూ.

అక్కడే దెబ్బతిన్నాడు. సోల్‌బర్గ్‌లో కాలు విరిగినవాడూ ఏం లేదనే అంటాడు, ఇల్లు తగలబడినవాడూ ఏం లేదనే అంటాడు. నిజంగా ఏమీ లేనివాడు తన మోకాలి నొప్పుల గురించి అరగంట చెబుతాడు.

ఆ తరువాత పెట్రోలు బంకు హార్లన్ చేశాడు. "తే" అన్నాడు లోవెల్. చర్చిలో పియానో వాయించే ఆవిడ చేసింది. "తెండి" అన్నాడు. వీధి చివరి ముసలాయన చేశాడు. "తెండి, సంతోషం" అని కూడా అన్నాడు. ఫోన్లు ఇంత సులువుగా తెమిలిపోతుంటే మార్లిస్ ఏటేటా గంటలకొద్దీ ఏం మాట్లాడుతుందో అతనికి అర్థం కాలేదు. తన చాకచక్యానికి తనే మురిసిపోతూ నిచ్చెన దిగాడు.

ఈలోగా లవోన్ వంటింట్లో ఏం జరిగిందో ఊరంతా తరువాత చెప్పుకుంది. ఆవిడ ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడిందట. "మా చిన్న మావయ్య కూడా ఇంతే చేశాడు, పోయే ముందు వారమంతా ఎవరేం పెట్టినా వద్దనకుండా తిన్నాడు" అందట. హార్లన్‌కి ఫోన్ చేస్తే అతనూ అదే కథ చెప్పాడు. పియానో ఆవిడా అదే చెప్పింది.

"లోవెల్ లాంటి మనిషి! నా కారు మంచులో కూరుకుపోతే తవ్వి తీసి, కాఫీ తాగమంటే మూడోసారికి కూడా ఒప్పుకోలేదే! అలాంటివాడు ఒక్క మాటకే సరే అన్నాడంటే ఇంకేముంది?" అంది లవోన్. "పోయేవాడికి మొహమాటమెందుకు చెప్పండి! వదినకి పాపం దుఃఖంతో నోటమాట రావడం లేదు."

ఆదివారం పొద్దున గొంతు బాగాలేదని మార్లిస్, ఆవిడ పక్కన లేకుండా పాట పాడటం ఇష్టంలేక లోవెల్, ఇద్దరూ చర్చి మానేశారు. ప్రార్థనలో పాస్టరమ్మ క్రిస్టా "మన మధ్య కష్టంలో ఉన్న ఒక కుటుంబాన్ని తలుచుకుందాం" అంది. పేరు చెప్పలేదు. అందరూ ఒకేసారి ఖాళీగా ఉన్న లోవెల్ వాళ్ళ బల్ల వైపు తిరిగారు. తరువాత కిందిగదిలో కాఫీ దగ్గర లవోన్ తీర్పు చెప్పింది. పార్టీ ఆపకూడదు. మనిషి ఆఖరి ఆట చూడనిద్దాం. తిండి సంగతి మనం చూసుకుందాం. చూసుకోవడమంటే, దుఃఖంలో ఉన్న ఇంటికి ఆ సంఘం ఆడవాళ్ళ చేతులకి వచ్చిన వంట ఒక్కటే. తాతల నాటినుంచీ దానిలో ఉప్పు కూడా మారలేదు.

సాయంత్రం లోవెల్ రెక్కలు ఓవెన్‌లో పెట్టి, జట్టు చొక్కా తొడుక్కుని తలుపు తీశాడు. గుమ్మంలో లవోన్ నల్ల గౌనులో, రెండు చేతుల్లో పెద్ద పళ్ళెంతో నిలబడి ఉంది. పళ్ళెం పక్కన పెట్టి అతన్ని కౌగలించుకుంది.

లోవెల్ కొయ్యబారిపోయాడు. ఆ ఊళ్ళో కరచాలనమే కాస్త అతి కింద లెక్క. తన పెళ్ళిరోజున కూడా అతన్ని ఇంత గట్టిగా ఎవరూ కౌగలించుకోలేదు. ఆవిడ వెనక హార్లన్, అతని వెనక పియానో ఆవిడ, ముసలాయన, ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకుని వదలకుండా కళ్ళలోకి చూస్తున్నారు. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. ఒక్కరి ఒంటి మీదా జట్టు చొక్కా లేదు.

"ఏంటి హార్లన్, పెళ్ళికొడుకులా తయారయ్యావు?" అన్నాడు లోవెల్.

హార్లన్ పెదవి బిగబట్టి పైకప్పు వైపు చూశాడు. "నువ్వు మాత్రం భలే గుండె ధైర్యం ఉన్నవాడివిరా" అన్నాడు.

బల్ల నిండిపోయింది. వెన్న రాసిన బన్నులో హామ్ ముక్క పెట్టినవి. తురిమిన క్యారెట్ వేసి గడ్డకట్టించిన పసుపు జెల్లీ. పాలమీగడలో మగ్గిన బంగాళదుంపలు. కైమా మీద బంగాళదుంప గుళికలు పేర్చి కాల్చిన హాట్‌డిష్ ఒకటి, దాని పక్కన ఇంకో హాట్‌డిష్, దాని వెనక మరోటి. చర్చి కిందిగదిలోని కాఫీ డ్రమ్ము కూడా హార్లన్ భుజం మీద వచ్చింది. చీజ్ గిన్నె, చిప్స్, దోసకాయ చక్రాలు ఓ మూలకి నెట్టుకుపోయాయి.

లోవెల్‌కి ఏమీ తట్టలేదు గాని మార్లిస్‌కి ఆ బల్ల చూడగానే తల తిరిగిపోయింది. ఆ బన్నులకి ఆవిడ ఎన్ని చావు భోజనాల్లో వెన్న రాయలేదు! ఆవిడ మొగుడి చొక్కా పట్టుకు లాగింది. బల్లని చూపించింది. అతని గుండెని చూపించింది. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ రొమ్ము మీద పెట్టుకుని, తల పక్కకి వాల్చింది.

"నిద్రొస్తోందా? కాసేపు వెళ్ళి పడుకోవే, నేను చూసుకుంటాలే" అన్నాడు లోవెల్ ప్రేమగా.

అది చూసిన లవోన్ గబుక్కున రుమాలు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. "ఆవిడ చెప్పడానికి కూడా ఎంత అవస్థ పడుతోందో చూడండి" అని పక్కావిడ భుజం మీద వాలిపోయింది.

ఆట మొదలైంది గాని మొదలైనట్టు లేదు. ఎవరో టీవీ గొంతు నొక్కేశారు. లోవెల్‌ని వాలుకుర్చీలో కూర్చోబెట్టి, చర్చి ఆడవాళ్ళు కుట్టిన బొంత మెడదాకా కప్పారు. అతను రెక్కల పళ్ళెం వైపు చెయ్యి చాపితే లవోన్ దాన్ని దూరం జరిపి, పల్చటి కోడి సూపు చేతికిచ్చింది. "కారం పడదు అన్నయ్యగారూ. ఇది మెల్లగా తాగండి."

"నాకెందుకు పడదు?"

"ఏం లేదు లెండి" అంది లవోన్.

అవతలి జట్టు బంతి పట్టుకుని మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి ఉరికింది. అంత గొప్ప పరుగు చూసి కూడా గదిలో ఒక్క కేక లేదు. హార్లన్ మాత్రం ఉండబట్టలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "భేష్" అని గుసగుసలాడాడు. పియానో ఆవిడ అతని కాలు తొక్కింది.

అప్పుడు పాస్టరమ్మ క్రిస్టా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ ఊరికి వచ్చి ఏడాదే అయింది. పాపం, ప్రతి పనీ సరిగ్గా చెయ్యాలని తాపత్రయం. "లోవెల్ గారూ, మీకు బాగా ఇష్టమైన కీర్తనలు ఏవైనా ఉన్నాయా?" అని మెత్తగా అడిగింది.

"మధ్యలో విరామానికా? అక్కడ ఎవరో కుర్రాళ్ళు పాడతారుగా!"

"కాదండీ. మీ... మీ రోజుకి."

లోవెల్ పాస్టరమ్మని చూశాడు. బొంతని చూశాడు. బల్లమీద హామ్ బన్నుల గుట్టని చూశాడు. తన అత్తగారిని సాగనంపిన నాడు తను తిన్న బన్నులే అవి. రుచి కూడా గుర్తొచ్చింది. చేతిలో సూపు గిన్నె పక్కన పెట్టేశాడు.

"పాస్టరమ్మా, మీరంతా ఏదో పొరబాటు..." అని నోరు తెరిచాడు.

తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు ఐనార్ లోపలికి వచ్చాడు.

గది మొత్తం అతనికి దారిచ్చింది. ఐనార్ టోపీ తీసి చేత్తో నలుపుతూ వచ్చి వాలుకుర్చీ పక్కన కూర్చున్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఊళ్ళో ఖాళీ చేతులతో ఒకరింటికి రావడం చొక్కా లేకుండా రావడం కిందే లెక్క. అయినా ఎవరూ తప్పుపట్టలేదు. అతను కాసేపు టీవీ చూశాడు. తరువాత, "ఏం బావా" అన్నాడు.

లోవెల్ తెరిచిన నోరు మూసేశాడు. మూడేళ్ళ తరువాత ఆ మాట. నాకేం జబ్బు లేదు అని ఇప్పుడు అన్నాడంటే ఆ టోపీ మళ్ళీ ఐనార్ నెత్తికెక్కుతుంది. ఆ తలుపు మళ్ళీ మూసుకుంటుంది. లోవెల్ ఒక్క క్షణం ఆలోచించి, మెల్లగా దగ్గాడు.

వంటింటి గుమ్మంలో మార్లిస్ గరిటె ఎత్తి బెదిరించింది. లోవెల్ అటు చూడలేదు.

"చేపలు పడుతున్నాయా?" అన్నాడు ఐనార్.

"ఎక్కడ! ఒక్కటీ లేదు."

"నువ్వు గాలం మరీ లోతుకి వదుల్తావు. ఎప్పుడూ అంతే."

"నువ్వు మరీ పైపైన వదుల్తావు."

"నాకు పడతాయిగా."

అంత పెద్ద సంభాషణ వాళ్ళిద్దరి మధ్యా ఎన్నడూ జరగలేదు. నిజంగానే పోతున్నా ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు లోవెల్.

అంతా అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పాస్టరమ్మ చేతులు జోడించి, "ఇలాంటప్పుడు మనసులోని మంచిమాట మనిషి ఉండగానే చెప్పాలి" అంది. జనం ఇబ్బందిగా కదిలారు. వంటకాన్ని మెచ్చుకోవడానికే "పర్లేదు" దాటని ఊరు అది. చివరికి ముసలాయన లేచి, "మంచు బాగా తోసేవాడు. రోడ్ల శాఖ బండి నడిపినన్నాళ్ళూ మా గుమ్మానికి అడ్డంగా దిబ్బ వెయ్యలేదు" అన్నాడు. "నా దగ్గర తీసుకున్న పనిముట్టు తుడిచి తెచ్చి ఇచ్చేవాడు" అన్నాడు హార్లన్. అన్నీ 'వాడు', 'వాడు' అనే ముగుస్తుంటే లోవెల్‌కి చెమటలు పట్టాయి. పొగడ్త ఒక బాధ. కానిదానికి పొగిడించుకోవడం ఇంకా బాధ. ఇక మిగిలింది ఐనార్. అతను గొంతు సవరించుకుని లేవబోయాడు.

ఇది మాత్రం లోవెల్ భరించలేకపోయాడు. అబద్ధంతో బావని పక్కన కూర్చోబెట్టుకోవడం ఒక ఎత్తు, ఆ అబద్ధం మీద అతని చేత మంచిమాట చెప్పించుకోవడం మరో ఎత్తు. బొంత విసిరి లేచి నిలబడ్డాడు.

"నాకే రోగమూ లేదు! నేను పోవడం లేదు!"

గదిలో అందరూ జాలిగా తలలు ఊపారు.

"అవును అన్నయ్యగారూ, మీరెక్కడికీ పోరు" అంది లవోన్.

"ముందు ఇలాగే ఒప్పుకోరు" అని పాస్టరమ్మ పక్కవాళ్ళకి నెమ్మదిగా చెప్పింది. "అది సహజం."

"నిజంగా చెప్తున్నాను! దుక్కలా ఉన్నాను! చూడండి" అంటూ లోవెల్ బల్ల దగ్గరికి ఉరికి రెక్కల పళ్ళెం అందుకున్నాడు. వచ్చినవాళ్ళు అప్పటికే దాన్ని ఊడ్చేసి, ఆనవాయితీ ప్రకారం ఒక్క రెక్క వదిలారు. అతను ఆ ఆఖరి రెక్కని అందరి ఎదుటా నోట్లో పెట్టుకుని, కారం కారుతున్న వేళ్ళు నాక్కున్నాడు.

గది స్తంభించిపోయింది. ఆఖరి ముక్క! ఎవర్నీ అడక్కుండా!

"ఇక రోజుల్లోనే" అని పియానో ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఇనుప గేటు తీసినట్టు ఒక చప్పుడు వచ్చింది. అందరూ తిరిగి చూశారు. అది మార్లిస్.

"ఈయనకేం రోగమండీ!" అంది, డాక్టరు మాట గాలికి వదిలేసి. "నిన్ననేగా నిచ్చెనెక్కి చూరు మీద మంచు కొట్టాడు! ఫోన్లు ఆ నిచ్చెన మీదనుంచే ఎత్తాడు! చలికి వేళ్ళు కొంకర్లు పోయి మర్యాదలు మింగేశాడు, అంతే! నా గొంతా? హాకీ ఆటలో పోయింది!"

మార్లిస్ అబద్ధం చెప్పదని ఊరంతటికీ తెలుసు. హార్లన్ తన టై వదులు చేసుకున్నాడు. పాస్టరమ్మ ఎర్రగా కందిపోయి బొంత మడత పెట్టడంలో మునిగిపోయింది. లవోన్ మాత్రం నిటారుగా నిలబడి, "ఏదైతేనేం, హాట్‌డిష్ వేడిగా ఉంది" అంది.

లోవెల్‌కి వాళ్ళెవరూ పట్టలేదు. ఐనార్ వైపు తిరిగాడు. బావ చేతిలో టోపీ ఉంది. అది నెత్తికెక్కే క్షణం కోసం అతను ఊపిరి బిగపట్టాడు.

ఐనార్ ఒక దోసకాయ చక్రం తీసుకుని నింపాదిగా నమిలాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకేం లేదని. నిన్న మా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ నిచ్చెన అంత వంకరగా వేసుకుంటే మాత్రం ఏదో ఒక రోజు నిజంగానే పోతావు."

"తెలిసి మరి ఎందుకొచ్చావు?"

ఐనార్ టోపీని మోకాలి మీద తిప్పాడు. "లవోన్ ఫోన్ చేసి నువ్వు పోతున్నావంది. నేను కాదనలేదు. పిలవని పేరంటానికి వెళ్ళడం మా ఇంటావంటా లేదు, నీకు తెలుసు. చావింటికైతే పిలుపు అక్కర్లేదుగా."

"నేను పిలిచాను బావా!"

"రెండుసార్లు పిలిచి ఆపేశావు. మూడోది వస్తుందేమోనని నెలంతా ఫోన్ పక్కనే కూర్చున్నాను. చేపలకి కూడా వెళ్ళలేదు."

లోవెల్ కుర్చీలో కూలబడ్డాడు. తను ఈ వైపు కిటికీలోంచి ఎదురిల్లు చూస్తుంటే, ఆ వైపు కిటికీలోంచి ఆ మనిషి ఈ ఇంటినే చూస్తున్నాడన్నమాట. మధ్యలో ఉన్నదల్లా ఒక రోడ్డు. అది కూడా తను బండితో తోసి శుభ్రం చేసిన రోడ్డు. అతనికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ అతనికి అలవాటు లేనివే. అందుకని వేరే మాట అన్నాడు.

"చేతులూపుకుంటూ వచ్చావేం? ఏమీ తేలేదా?"

"మా వాకిట్లో ట్రక్కులో ఉంది."

"ఏముంది?"

"చేపముద్ద. మధ్యాహ్నమే అందులో పెట్టానుగాని, మళ్ళీ లోపలికి తేవాలో వద్దో..."

"తే!" అన్నాడు లోవెల్. అందులో మర్యాద ఇసుమంతైనా లేదు.

ఐనార్ వెళ్ళి గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. టంగుమని మోగింది. మధ్యాహ్నం నుంచీ ట్రక్కులో ఉండి అది రాయిలా గడ్డకట్టింది. హార్లన్ కత్తి దింపబోతే కత్తి వంగింది. లోవెల్ గోడకి వేలాడుతున్న మంచు తొలిచే గునపం తెచ్చాడు. ఒక దెబ్బ వేశాడు. ముక్కలు ఎగిరి ఒకటి జెల్లీలో, ఒకటి పాస్టరమ్మ ఒళ్ళో పడ్డాయి. జనం నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో టీవీ గొంతు పెంచారు. బిస్కట్ల మీద చేప పెంకులు పెట్టుకుని, పళ్ళు జివ్వుమంటుంటే, హామ్ బన్నులూ చిప్సూ ఒకే పళ్ళెంలో కలిపేసుకుని, ఊరంతా ఎవరిదో జట్టు కోసం గొంతు చించుకుంది. మార్లిస్ ఉన్న కాస్త గొంతూ టీవీలోని రిఫరీ మీద ఖర్చు చేసేసింది.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అందరూ గుమ్మంలో నిలబడి చెప్పవలసినదానికన్నా చాలాసేపు వీడ్కోలు చెప్పారు. లవోన్ మిగిలిన హాట్‌డిష్‌లు మార్లిస్ ఫ్రిజ్‌లో సర్ది, "ఎప్పటికైనా పనికొస్తాయిలెండి" అని వెళ్ళింది. చివరికి ఐనార్ ఒక్కడే మిగిలాడు. చేపముద్ద గిన్నె ఖాళీగా ఉంది. అడుగు కూడా గోకేసి ఉంది. ఎవరు గోకారో ఎవరూ అడగలేదు. ఐనార్ టోపీ పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

లోవెల్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఏడు కూడా రా, బావా."

"వస్తాను" అన్నాడు ఐనార్.

మాట అంత బాహాటంగా ఒలకబోసుకున్నందుకు ఇద్దరికీ సిగ్గు ముంచుకొచ్చి, మంచు ఎంత పడిందో చూసొస్తామని మార్లిస్‌కి చెప్పి గబగబా బయటికి వెళ్ళిపోయారు.